వ్రేళ్ళపై లెక్క, పెదవులపై పాట

(తల్లులను, అంగన్‌వాడీ కార్యకర్తలను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



నేడు మనము మాటలాడుకొనబోవు విషయమునకు ధనము అక్కరలేదు, భవనము అక్కరలేదు, పలకా బలపములు సైతము అక్కరలేదు. పది వ్రేళ్ళు, ఒక కంఠము, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుటకు ఒక పావుగంట తీరిక ఉన్నచో చాలును. పసిబిడ్డలతో వ్రేళ్ళాటలు ఆడించుట, లెక్కల పాటలు పాడించుట ఎట్లు? అందువలన కలుగు మేలేమి? అందు మనము పొరపడు తావులెవ్వి? ఈ మూడు సంగతులను మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలను దృష్టియందుంచుకొని విచారింతము.

ముందుగా ఒక బిడ్డను తలంచుకొందము. ఒకటవ తరగతిలో చేరినాడు. ఒకటి మొదలు ఇరువది వరకు గడగడ అప్పజెప్పును. విన్నవారెల్ల మెచ్చుకొందురు. కాని ఉపాధ్యాయుడు ‘నాయనా, ఆ గులకరాళ్ళలో నాలుగు తెమ్ము’ అనగా, గుప్పెడు రాళ్ళు తెచ్చి ఇచ్చును. తోడి పిల్లలు నవ్వుదురు. ‘వీనికి లెక్కలు రావు’ అను మాట పుట్టును. ఆ మాట ఆ బిడ్డ చెవిలో పడును, మనసులో నిలుచును. రెండవ తరగతికి వచ్చుసరికి లెక్కల గంట అనగానే కడుపునొప్పి వచ్చును. నాలుగైదేండ్లకు బడియే బరువగును. ఇట్లు ఎందరు బిడ్డలు వెనుకబడుచున్నారో మన ఊళ్ళలోని ఉపాధ్యాయులకు తెలియును.

ఆ బిడ్డ మందమతి కాడు. మాటను వస్తువుతో జతపరచు అవకాశము అతనికి ముందు ఎవరును కల్పింపలేదు, అంతియే. ఆ జతపరచు పని రెండేండ్ల వయసు మొదలు ఐదేండ్ల వరకు, ఇంటి అరుగుపైనను అంగన్‌వాడీ చాపపైనను జరుగవలసినది.

మన ఇండ్లలోనే గల సంపద

ఈ పనికి కావలసిన పనిముట్లు మన పెద్దలు ఏనాడో సమకూర్చి పెట్టినారు. అవ్వలు బిడ్డల నాడించు తీరు చూడుడు. బిడ్డ అరచేతిని విప్పి, అందు పప్పు రుబ్బినట్లు వ్రేలిని త్రిప్పుదురు. పిదప ఒక్కొక్క వ్రేలిని ముడుచుచు ఇది అమ్మకు, ఇది నాన్నకు, ఇది తాతకు అని ముద్దలు పంచుదురు. అటుపిమ్మట తమ రెండు వ్రేళ్ళను చీమవలె బిడ్డ చేయిపై నడిపించి చంకలో చక్కిలిగింత పెట్టుదురు. బిడ్డ కిలకిల నవ్వును. మరల చేయి చాపును. చూచువారికి ఇది ముద్దుమురిపెముగా మాత్రమే తోచును. కాని ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క ముద్ద అను నియమము లెక్కకు తొలిమెట్టు. ఏ వ్రేలికిని రెండు ముద్దలు రావు. ఏ వ్రేలును పస్తుండదు.

కాళ్ళగజ్జ ఆటయు ఇట్టిదే. పిల్లలు వరుసగా కాళ్ళు చాపుకొని కూర్చుందురు. ఒకరు పాట పాడుచు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాలిని తాకుచు పోదురు. కడపటి మాట ఏ కాలిపై పడునో ఆ కాలు ముడుచుకొనవలెను. గుడుగుడు గుంచము ఆటలో పిడికిళ్ళను ఒకదానిపై నొకటి నిలిపి గోపురము కట్టుదురు. చెమ్మచెక్కలో మాటకు సరిగా చప్పట్లు కలియవలెను. అచ్చనగండ్లలో ఒక రాయి ఎగురవేసి అది నేలకు దిగులోపల మొదట ఒకటి, పిదప రెండు, పిదప మూడు ఏరవలెను. వామనగుంటలలో ఏడేసి గుంటలు గల రెండు వరుసలు, మొత్తము పదునాలుగు గుంటలుండును. గింజలను గుంటకు ఒకటి చొప్పున పంచుచు పోవలెను. చక్కిలిగింత ఏడాది బిడ్డది. వామనగుంటలు పదేండ్ల పిల్లలవి. ఆటనుండి ఆటకు ఎదుగుచు పోవుటకు మెట్లవరుస మన అరుగులమీదనే కలదు.

లోకమున పేరుగాంచిన విద్యావేత్తలును ఇట్టి ఆటలనుండియే నేర్చుకొనిరి. జర్మనీ దేశస్థుడగు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పసిబిడ్డల బడికి 1840లో ‘కిండర్‌గార్టెన్’, అనగా పిల్లల తోట, అని పేరు పెట్టినవాడు. తొమ్మిది నెలల ప్రాయముననే తల్లిని కోల్పోయిన ఆయన, తల్లులు బిడ్డలతో ఆడు ఆటలను శ్రద్ధతో గమనించి, 1844లో వ్రేళ్ళాటల పాటలతో తల్లులకొరకు ఒక గ్రంథమును ప్రకటించెను. ఇటలీ దేశపు వైద్యురాలగు మరియా మాంటిసోరి 1939లో దివ్యజ్ఞాన సమాజము ఆహ్వానముపై మదరాసులోని అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిరి. చేయి పనిచేసినగాని బుద్ధి వికసింపదని ఆమె బోధ. మన భాషలో బాలల పాటకు గౌరవము తెచ్చిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఇంటింట పరిచితులైరి.

పాట వేరు, లెక్క వేరు

పాటకు గల శక్తి యెట్టిదో మదనపల్లెవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బెసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసిన దినములలో తమ ‘జనగణమన’ గీతమును ఆంగ్లములోనికి అనువదించిరి. ఆ కళాశాల అధ్యక్షులగు జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరములు వ్రాసిపెట్టిరి. నేడు వంగభాష ఎరుగని కోట్లమంది ఆ బాణీ ఆధారముతోనే ఆ పాటను తప్పులేక పాడుచున్నారు. అర్థము తెలియక మునుపే రాగము మనసున నాటుకొనును.

పసిబిడ్డకును ఇంతియే. ఒకటి, రెండు, మూడు అను మాటలను పాటగా ఇట్టే పట్టుకొనును. అయితే పాట పట్టుపడినంతనే లెక్క వచ్చినదని తలంచుట పొరపాటు. రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1978లో ప్రకటించిన గ్రంథములో లెక్కించుటకు ఐదు నియమములను వివరించిరి. వానిని మన ఇంటిమాటలలో చెప్పుకొందము.

మొదటిది: ఒక వస్తువునకు ఒకే మాట. తాకని దానిని లెక్కింపరాదు. తాకినదానిని మరల లెక్కింపరాదు. రెండవది: మాటల వరుస మారరాదు. నేడు రెండు తరువాత మూడు, రేపు రెండు తరువాత ఐదు అనుట చెల్లదు. మూడవది: కడపట పలికిన మాటయే మొత్తమును తెలుపును. నాలుగవది: రాళ్ళనైనను, మేకలనైనను, చప్పట్లనైనను ఒకే తీరున లెక్కింపవచ్చును. ఐదవది: ఎడమనుండి లెక్కించినను కుడినుండి లెక్కించినను మొత్తము మారదు.

వీనిలో పాట నేర్పునది రెండవ నియమమును మాత్రమే. వ్రేలితో తాకుట మొదటిదానిని నేర్పును. మూడవ నియమమే అన్నిటికన్న కష్టము. ‘ఎన్ని ఉన్నవి?’ అని అడిగిన బిడ్డ ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కించును. ‘అయితే ఎన్ని?’ అని మరల అడిగినచో మరల మొదటినుండి లెక్కించును. మూడు అనునది కడపటి రాయి పేరనియే ఆ బిడ్డ భావించుచున్నాడు. మొత్తము పేరని ఇంకను తెలియలేదు. 1990లో కారెన్ విన్ అను పరిశోధకురాలు పిల్లలను ‘నాకు మూడు ఇమ్ము’ అని అడిగి చూచిరి. పదివరకు లెక్కించు పిల్లలలో పలువురు గుప్పెడు తీసి ఇచ్చిరి. బిడ్డలకు మొదట ఒకటి, కొన్ని నెలలకు రెండు, మరికొన్ని నెలలకు మూడు అర్థమై, ఆ పిదపనే, ఇంచుమించు మూడున్నర నాలుగేండ్లకు, లెక్కించుటయొక్క పరమార్థము తెలియునని తేలినది. కావున మనము పరీక్షింపవలసినది ‘ఎంతవరకు చెప్పగలడు?’ అని కాదు. ‘మూడు తెమ్మన్న మూడు తేగలడా?’ అని.

ఒక వ్రేళ్ళాట

ఇప్పుడు ఆడుకొనదగిన ఒక చిన్న పాట చెప్పెదము. మన సీమలోని ఇంటి వస్తువులతో కూర్చినది.

ఒక్కటే కొండ మీద ఒక్కటే మబ్బు
రెండు కొమ్ముల ఆవుకు రెండు పూటల మేత
మూడు రాళ్ళ పొయ్యి మీద ముద్ద సంగటి
నాలుగు కాళ్ళ మంచము, నట్టింట నిదుర
ఐదు వ్రేళ్ళు కలిసెనా, అన్నము ముద్ద!

మొదటి పాదమునకు చూపుడువ్రేలు నిలుపవలెను. రెండవ పాదమునకు చూపుడువ్రేలిని చిటికెనవ్రేలిని కొమ్ములవలె నిలిపి తలపై పెట్టుకొనవలెను. మూడవదానికి మూడు వ్రేళ్ళ కొనలను నేలకు ఆనించి పొయ్యిరాళ్ళు చేయవలెను. నాలుగవదానికి బొటనవ్రేలు ముడిచి తక్కిన నాలుగు వ్రేళ్ళను మంచపు కోళ్ళవలె నిలుపవలెను. ఐదవదానికి ఐదు వ్రేళ్ళను కూర్చి ముద్ద చేసి బిడ్డ నోటికి అందింపవలెను.

ఈ పాటలో ప్రతి సంఖ్యయు నిజమైన వస్తువునకు చెందియున్నది. ఆవునకు కొమ్ములు రెండే. పొయ్యికి రాళ్ళు మూడే. కావున పాట ముగిసిన పిదప బిడ్డను ఇంటిలో త్రిప్పి ‘మంచము కోళ్ళెన్ని? తాకి చెప్పుము’ అనవచ్చును. పుంగనూరు సీమవారికి మరియొక అదృష్టము కలదు. ఇంచుమించు మూడడుగుల ఎత్తు గల పుంగనూరు ఆవు బిడ్డ కన్నులకు ఎదురుగా నిలుచును. పెద్దల చేయి పట్టుకొని దాని కొమ్ములు రెండు, చెవులు రెండు, కాళ్ళు నాలుగు, తోక ఒకటి అని లెక్కింపవచ్చును. ఐదు బాగుగ వచ్చిన పిదప రెండవ చేతికి పోవచ్చును: ఆరు కాళ్ళ చీమ, ఏడు దినముల వారము, ఎనిమిది కాళ్ళ సాలీడు, తొమ్మిది గింజల నవధాన్యము, పది వ్రేళ్ళ రెండు చేతులు. వీనిని పాటగా కూర్చుట మీకే విడిచిపెట్టుచున్నాము. తల్లి కట్టిన పాటకన్న బిడ్డకు తీయని పాట వేరొకటి లేదు.

మన భాషలోని మెలకువ

తెలుగు బిడ్డ లెక్క నేర్చుకొనుటలో ఒక విశేషము కలదు. వస్తువులను ఒకటి, రెండు, మూడు అని లెక్కింతుము. మనుష్యులను ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని లెక్కింతుము. ‘రెండు అక్కలు’ అనిన బిడ్డను చూచి నవ్వుదుము గాని, ఆ బిడ్డ రెండు వరుసల మాటలను నేర్చుకొనవలసియున్నదని తలపము. ఏడుగురు వరకు ఈ వరుస వాడుకలో కలదు. అటుపై ఎనమండుగురు, తొమ్మండుగురు, పదుగురు అను మాటలు గ్రంథములలోనికి పోగా, ఎనిమిదిమంది, తొమ్మిదిమంది అని వాడుచున్నాము. వస్తువుల పాటలతోబాటు మనుష్యుల పాటయు ఉండవలెను. ఇందుకు ఒక బస్సు ఆట:

మదనపల్లెలో బస్సు నెక్కిరి ఐదుగురు
పుంగనూరులో ఇద్దరు దిగిరి, మిగిలిరి ముగ్గురు
పలమనేరులో ఒకరు దిగిరి, మిగిలిరి ఇద్దరు
కుప్పములో ఇద్దరు దిగిరి, బస్సులో లేరెవ్వరు!

అయిదు వ్రేళ్ళు అయిదుగురు ప్రయాణికులు. ఊరు వచ్చినపుడు దిగినవారి వ్రేళ్ళు ముడుచుకొనవలెను. కడపట పిడికిలి మిగులును. ‘ఎవ్వరు లేరు’ అనునదియు ఒక లెక్కయే. సున్నను పుస్తకములో వ్రాసి చూపుటకు ముందే బిడ్డ దానిని తన పిడికిలిలో చూచును. తీసివేత యనునదియు ఇట్లే, ఆ పేరు చెప్పకయే, బిడ్డకు వచ్చును. పాట తెలిసిన పిదప లెక్క మార్చి పాడవలెను. పుంగనూరులో ఒకరే దిగినచో? పలమనేరులో మరియొకరు ఎక్కినచో? అప్పుడు బిడ్డ పాటను విడిచి వ్రేళ్ళను చూచుకొనును. వల్లించుట ఆగి ఆలోచించుట మొదలగునది అప్పుడే.

ధాన్యము కొలుచు కళ్ళములలో మొదటి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభము’ అనుట మన రైతుల ఆచారము. బిడ్డను కళ్ళమునకు కొనిపోయి ఇది వినిపింపుడు. పేరు మారినను కొలత మారలేదని బిడ్డకు తెలియును.

కుప్పము సీమవారి మాట వేరు. అచ్చట ఆంధ్రము, కర్ణాటకము, తమిళనాడు కలియుచున్నవి. ద్రావిడ భాషల అధ్యయనమునకు 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును నెలకొల్పుటకు కుప్పమును ఎన్నుకొనినది అందువలననే. అచ్చటి బిడ్డ ఇంటిలో ఒక భాష, వీధిలో ఒకటి, సంతలో మరియొకటి వినును. ‘ఇన్ని భాషలు కలిసి బిడ్డ బుద్ధి చెదరునేమో’ అని కొందరు తల్లులు శంకింతురు. ఆ శంక అక్కరలేదు. తెలుగులో మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. కన్నడమున మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు. తమిళుల వాడుకలో మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు. ఒక్క తల్లి బిడ్డల పోలికలు ఈ మాటలలో కనబడుచున్నవి గదా! మదనపల్లె, పుంగనూరులలోని ఉర్దూ ఇండ్లలో ఏక్, దో, తీన్, చార్, పాంచ్ అందురు. ఏ భాషలో లెక్కించినను వ్రేళ్ళు ఐదే. ఇంటి భాషలో ముందు నేర్పుడు. తక్కిన భాషలు దానిపై నిలుచును. 2020 నాటి జాతీయ విద్యావిధానమును చిన్న తరగతులలో వీలైనంతవరకు మాతృభాషలోనే బోధింపవలెనని చెప్పుచున్నది.

ప్రాసగల పాటలు లెక్కకే గాక చదువుటకును మేలు చేయును. ముగ్గురు, ఇద్దరు, ఎవ్వరు అను మాటల చివరి సవ్వడి ఒక్కటే యని గుర్తించిన చెవికి, అక్షరమునకును ధ్వనికిని గల సంబంధము సులభముగ తెలియును. మూడేండ్లప్పుడు పాటలు బాగుగ తెలిసిన పిల్లలు తరువాత చదువులోను ముందుండుటను బ్రయంట్, బ్రాడ్లీ మున్నగు ఆంగ్ల పరిశోధకులు 1980 తరువాతి యేండ్లలో గమనించిరి.

చెనక్కాయలు, చింతగింజలు

వ్రేళ్ళ తరువాత వస్తువులకు రావలెను. మన పడమటి సీమలో చెనక్కాయకన్న మంచి లెక్కల పుస్తకము లేదు. నాలుగైదేండ్ల పిల్లల ముందు గుప్పెడు కాయలు పోసి, ఒలువకముందే అందు గింజలెన్ని ఉండునో ఊహింపుమనుడు. ఒకదానిలో రెండు, మరియొకదానిలో ఒకటి, కొన్నిటిలో మూడు ఉండును. ఒలిచి చూచి, ఒక గింజవి ఒకచోట, రెండు గింజలవి ఒకచోట, మూడు గింజలవి ఒకచోట పెట్టవలెను. ఊహించుట, సరిచూచుట, వేరుపరచుట అను మూడు పనులు ఒక్క ఆటలో జరుగును. టమాట గంపలు సర్దు ఇంటిలో దోరవి, పండినవి వేరుచేయు పనిలో బిడ్డకు ఐదు కాయలు అప్పగింపుడు. విస్తళ్ళు వేయునపుడు ‘ఇంటిలో ఎందరము? ఎన్ని విస్తళ్ళు కావలెను?’ అని అడుగుడు. ఇందుకు వేరుగ తీరిక చేసుకొన పనిలేదు.

అయితే ఒక హెచ్చరిక. మూడేండ్లు నిండని బిడ్డల చేతికి చింతగింజలు, గచ్చకాయలు, గోళీలు, చెనగింజలు ఇవ్వరాదు. ముక్కులోను చెవిలోను దూర్చుకొందురు. మ్రింగినచో గొంతున అడ్డుపడి ప్రాణాపాయము కలుగును. వారికి గిన్నెలు, గరిటెలు, పిడికిలి మించిన వస్తువులే ఇవ్వవలెను. ఐదేండ్లలోపు బిడ్డలకు చెనగింజలను తినుటకును గింజలుగా పెట్టక పొడిచేసి పెట్టుట క్షేమము. పెద్దపిల్లల ఆటయందును పెద్దలు దగ్గర ఉండవలెను. ఆట ముగిసిన పిదప గింజలను లెక్కపెట్టి డబ్బాలో వేయవలెను. అదియు ఒక లెక్కయే.

కొన్ని కూడని పనులు

లెక్క తప్పిన బిడ్డను కొట్టరాదు, వెక్కిరింపరాదు. ‘ఒకటి, రెండు, ఐదు’ అనినచో మనము నవ్వక, బిడ్డ వ్రేలు పట్టుకొని మరల మెల్లగ తాకించుచు చెప్పవలెను. వచ్చిన చుట్టముల ముందు నిలబెట్టి నూరువరకు అప్పజెప్పించుట మన ముచ్చట తీర్చునే గాని బిడ్డకు ఉపకరింపదు. పాత పాటలలో కుంటివారిని, గ్రుడ్డివారిని, ఒక కులమువారిని ఎగతాళి చేయు మాటలున్నచో వానిని విడిచి మంచి మాటలు పెట్టి పాడవలెను. ఎడమచేతితో లెక్కించు బిడ్డను గద్దింపరాదు. వ్రేళ్ళు తక్కువగనున్న బిడ్డ, చేయి సరిగా ఆడని బిడ్డ ఉన్నచో చప్పట్లతో గాని, తలయూచుటతో గాని, గిన్నెలతో గాని ఆడింపవలెను. ఏ బిడ్డనును వలయమునకు వెలుపల కూర్చుండబెట్టరాదు.

ఈ ఆటలు బిడ్డ ఆరోగ్యమును తెలుపు అద్దము వంటివి. ఏడాది నిండిన బిడ్డ పేరుపెట్టి పిలిచినను తల త్రిప్పకున్నను, చప్పట్ల చప్పుడునకు చలింపకున్నను, మనము చేయి ఊపినను తాను ఊపకున్నను, ‘పెద్దయైన సరియగును’ అని ఊరకుండక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపవలెను. వినికిడి లోపమును ఎంత త్వరగ గుర్తించిన అంత మేలు.

ఇక చేతిఫోను మాట. బిడ్డ ఏడ్చిన ఫోను, అన్నము తినకున్న ఫోను అను అలవాటు పల్లెలలోను ప్రబలినది. ఫోనులోని బొమ్మయు ఒకటి, రెండు అని పాడునే గదా యని కొందరందురు. పాడును నిజమే. కాని ఆ బొమ్మ బిడ్డ వ్రేలిని పట్టుకొనదు. బిడ్డ తడబడినపుడు ఆగదు. బిడ్డ నవ్వినపుడు తిరిగి నవ్వదు. రెండేండ్లు నిండని బిడ్డలను తెరముందు కూర్చుండబెట్టవలదనియు, రెండునుండి నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటను మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సలహా ఇచ్చినది. వేకువనే మార్కెట్టుకో పొలమునకో పోవు తల్లి పనిభారము మేమెరుగనిది కాదు. ఆ తల్లిని నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. స్నానము చేయించునపుడు, తల దువ్వునపుడు, సంగటి ముద్ద పెట్టునపుడు నోటితో పాడిన చాలునని చెప్పుచున్నాము. ఇంటిలో అవ్వ ఉన్నచో ఆమెయే మంచి పంతులమ్మ. ‘నాకేమి తెలియును, నేను చదువుకొనలేదు’ అని ఆమె అనును. ఆమెకు తెలిసిన పాటలు ఏ పుస్తకములోను లేకపోవచ్చును, అడిగి పాడించుకొనుడు. తండ్రులకును ఒక మాట: బిడ్డ నాడించుట ఆడవారి పనియని తప్పుకొనరాదు. బస్సు ఆటలో బస్సు నడపువారు మీరే కావచ్చును.

అంగన్‌వాడీలో ఆడించు తీరు

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమైనది. అన్నము, తూనిక, టీకాలతోబాటు మూడు మొదలు ఆరేండ్ల బిడ్డలకు ఆటపాటల చదువును ఆ పథకములోని భాగమే. కార్యకర్తకు పనులు పెక్కు. పుస్తకములు నింపుట పెక్కు. అయినను దినమున ఇరువది నిముషములు దీనికి కేటాయింపవచ్చును. పిల్లలనందరిని వరుసగ కూర్చుండబెట్టి ఒక్క గొంతుతో అరిపించినచో ఎవనికి వచ్చినదో ఎవనికి రాలేదో తెలియదు. ఐదారుగురు పిల్లలతో చిన్న వలయములు చేసి, ఒక వలయముతో తాను ఆడుచు, తక్కినవారికి బొమ్మలో మట్టిపనియో ఇవ్వవలెను. వారమునకు ఒక పాట చాలును. సోమవారము పాడి వినిపింపవలెను, మంగళ, బుధవారములు వ్రేళ్ళతో, గురువారము వస్తువులతో, శుక్రవారము ఒక్కొక్క బిడ్డను పిలిచి ‘నాకు మూడు ఇమ్ము’ అని అడుగవలెను, శనివారము తల్లులకు చూపవలెను. ఇయ్యలేని బిడ్డకు మరుసటి వారమును అదే ఆట.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి గారి ఆశయములతో వెలసిన ఋషివ్యాలీ విద్యాసంస్థకు చెందిన గ్రామీణ విద్యాకేంద్రము, చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులను నడపి చూపినది. పాఠములను చిన్నచిన్న అట్టలుగా విభజించి, మెట్లవలె అమర్చి, ఒక పెట్టెలో పెట్టి, ఏ బిడ్డ వేగమున ఆ బిడ్డ సాగునట్లు వారు ఏర్పాటు చేసిరి. ఊరి కథలు, పాటలు, ఆటలు అందు చోటుచేసుకొనినవి. పిల్లలే అంగళ్ళు పెట్టి తూచి, కొలిచి, లెక్కచూచి అమ్ము మెట్రిక్ మేళాలను జరిపిరి. తమిళనాడు, కర్ణాటక రాష్ట్రముల ప్రాథమిక బడులును వారి పద్ధతినుండి గ్రహించినవి. కర్ణాటకలో దానికి ‘నలి–కలి’ అని పేరు. ఆడుచు నేర్చుకొనుమని అర్థము. ఇంతటి పని మన ముంగిటనే జరిగియుండగా, మనకు చేతకాదనుట తగునా?

సోదరీమణులారా! బిడ్డ ఐదేండ్లు మాత్రమే మన ఒడిలో ఉండును. పిదప బడికి పోవును. బడికి పోవునాడు క్రొత్త చొక్కాయో, క్రొత్త సంచియో ఇచ్చి పంపవలెనని ప్రతి తల్లియు తలంచును. అవి ఇవ్వలేని తల్లియు, ‘నాలుగు రాళ్ళు తెమ్ము’ అనినపుడు జంకక నాలుగే తెచ్చునట్టి బిడ్డను పంపగలదు. ఈ సాయంత్రము బిడ్డకు ముద్ద కలుపునపుడు ఆ చిన్ని చేయి విప్పి ఒక్కొక్క వ్రేలిని తాకి చూడుడు. తక్కిన పాట మీకే వచ్చును.